పిన్నీసుకు వేలాడిన ఉంగరం

ఏడుకొండల మీద నిలిచిన తండ్రీ, ముందుగా నీకు నమస్కారం. రాతి కడుపులో బంగారాన్ని దాచినవాడివి నీవు. ఆ బంగారం కోసం భూమిలోకి దిగిన మనుషుల ప్రాణాలను పట్టుకున్నవాడివీ నీవే. నీ ఒంటి మీద కిరీటాలున్నాయి, హారాలున్నాయి. అవి భక్తులు ఇచ్చినవి, అర్చకులు పెట్టేవి, మళ్ళీ తీసేవి. నీ అంతట నీవు కోరి పెట్టుకున్నది, ఎన్నడూ తీయనిది ఒక్కటే. నీ గుండె మీద తల్లి ఉంది. రోజూ ఒంటి మీద ఉండే నగ అంటే ఏమిటో నీవు అక్కడే చూపించావు. దాన్ని చూడడానికి నాకు యాభై ఏళ్ళు దాటాయి. ఆలస్యంగానైనా చూపించావు, అందుకు మరో నమస్కారం.

నేను కోలారు బంగారు గనుల లైన్లలో, కార్మికుల ఇళ్ళ వరసల్లో పుట్టాను. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి గని పనికి వచ్చాడు. నాయనదీ అదే పని. లోపల తవ్విన దారులు కూలకుండా కర్ర దూలాలు నిలబెట్టేవాడు. ముప్పై ఏళ్ళకు పైగా దిగాడు, ఎక్కాడు. గనులు మూసేసినా అమ్మా నాయనా ఆ ఒకటిన్నర గది లైను ఇంట్లోనే ఉన్నారు. నేను పెళ్ళయి బంగారుపేటకు వచ్చాను. మా ఇంటాయన రోజూ పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి వస్తాడు. నేను రెండు రోజులకొకసారి బస్సెక్కి అమ్మావాళ్ళను చూసి వస్తాను.

మా లైన్లో తెలుగువాళ్ళు కట్టుకున్న రామమందిరం ఒకటుంది. అక్షరాలు బడిలో నేర్చుకున్నాను కానీ నా అసలు చదువు ఆ మందిరంలోనే సాగింది. నాయన కంజీర వాయిస్తుంటే ఆయన మోకాలి పక్కన కూర్చుని నామం చెప్పడం నేర్చాను. ఇప్పుడు శనివారాలు అక్కడ రామకథ చెప్పేది నేనే. ముడుపు ఎట్లా కట్టాలి, దీక్ష ఎట్లా పట్టాలి అని ఆడవాళ్ళు నన్నే అడుగుతారు. గొప్పకు చెప్పడం లేదు. ఇంత తెలుసు అనుకున్నదాన్నే ఒక పొద్దు తప్పు చేశాను కాబట్టి చెప్తున్నాను.

నాయన వేలికి ఒక ఉంగరం ఉంది. పెళ్ళిలో అమ్మ తండ్రి పెట్టింది. ఆయన బేతమంగళ దగ్గర పల్లెలో రాగులు పండించే మనిషి. ఉంగరం సన్నది, పైన స్వామి నామం గీసి ఉండేది. నాకు తెలిసేనాటికే ఆ గీతలు అరిగిపోయి, వేలితో తడిమితే తప్ప తెలిసేవి కావు. బంగారు గనిలో బతుకంతా పనిచేసిన నాయన, తన ఒంటి మీద చూసుకున్న బంగారం ఆ ఉంగరమొక్కటే. లోపల ఆయన చూసింది నల్లరాయి, తెల్లరాయి, దుమ్ము. మిగతాది నీవే దాచావు తండ్రీ, ఎంత బాగా దాచావంటే ముప్పై ఏళ్ళు చేతులతో తాకినవాడికి కూడా కనిపించలేదు.

ఆ ఉంగరం పెట్టుకొని గనిలోకి దిగకూడదు. బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర ఒళ్ళంతా తడిమి చూస్తారు. ఒంటి మీద బంగారం దొరికితే అది ఇంటిదా గనిదా అని ఎవరు నమ్ముతారు? పైగా దూలాలు ఎత్తే చేతికి ఉంగరం ఉంటే వేలే పోతుంది. అందుకని నాయన షిఫ్టుకు బయలుదేరే ముందు గడప దగ్గర నిలబడి ఉంగరం తీసి అమ్మ అరచేతిలో పెట్టేవాడు. అమ్మ దాన్ని గూట్లో పెట్టేది కాదు, పెట్టెలో దాచేది కాదు. తాళితాడుకు ఒక పిన్నీసు ఉండేది. దాన్ని విప్పి, ఉంగరం ఎక్కించి, మూసేది. "పోయిరా" అనేది. "వస్తా" అనేవాడు నాయన. ఇద్దరి మాటలు అంతే. షిఫ్టు దిగి వచ్చాక, నీళ్ళు తాగకముందే, ఆయన చెయ్యి చాపేవాడు. ఆమె పిన్నీసు విప్పి ఉంగరం ఆయన వేలికి పెట్టేది.

మా అమ్మ ఒంటి మీద ఇంకా కొన్ని ఉండేవి. కాలివేళ్ళకు అరిగి రేకులైన వెండి మెట్టెలు, ముక్కుకు ఎర్రరాయి పుడక, చేతికి గాజులు. బీరువాలో ఉండే నగను ఎవరైనా వచ్చినప్పుడు తీసి చూపించుకుంటాం. ఒంటి మీద ఉండే నగ మనతోపాటే అంట్లు తోముతుంది, పిండి కలుపుతుంది, మనతోపాటే అరుగుతుంది. నేను బడి నుంచి రాగానే అమ్మ మొహం కాదు, మెడ చూసేదాన్ని. ఉంగరం అక్కడ ఉంటే నాయన లోపల ఉన్నట్టు. లేకపోతే ఇంట్లోనో మందిరంలోనో ఉన్నట్టు. ఇంట్లో గడియారం లేదు, నాకు దాని అవసరం రాలేదు.

నాలుగో క్లాసులో ఉన్నప్పుడు ఒక పొద్దు నేల కదిలింది. లోపల రాయి పగిలితే మా ఇళ్ళలో గిన్నెలు మోగేవి. అది మాకు మామూలే. ఆ పొద్దు మాత్రం గూట్లో పటం కింద పడింది. తర్వాత సంగు మోగింది. గని సైరన్‌ను మావాళ్ళు సంగు అంటారు. లైన్లో ఆడవాళ్ళందరూ బయటికి వచ్చారు. ఎవరూ అరవలేదు. ఒక్కొక్కరి చెయ్యి మెడ దగ్గరికి పోయింది. అట్లాగే నడిచి, గనిలోకి దిగే శాఫ్టు గేటు దగ్గరికి పోయాం. అమ్మ నన్ను ఒక చేత్తో, తాళిని ఒక చేత్తో పట్టుకుంది. ఎండ దిగేదాకా నిలబడ్డాం. నాయన బూడిదలో పొర్లినట్టు బయటికి వచ్చాడు. చెయ్యి చాపాడు. అమ్మ అంతమంది ముందు పిన్నీసు విప్పింది, ఉంగరం పెట్టింది. ఆ తర్వాతే నేల మీద కూలబడి ఏడ్చింది. అంతవరకూ ఆమె కంట్లో ఒక్క చుక్క లేదు.

గని మూసిన రోజు కూడా అంతే జరిగింది. సాయంత్రం ఉంగరం పెట్టి అమ్మ అంది, "ఇంగ తీయొద్దు." నాయన తీయలేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఉంగరం ఆయన వేలికే ఉంది.

పిన్నీసు మాత్రం అమ్మ మెడలోనే ఉండిపోయింది. కొన్నేళ్ళ కిందట నేనూ మా ఇంటాయనా కలిసి అమ్మ తాళికి బంగారు సరం చేయించాం. ఆమె పాత పిన్నీసును తీసి కొత్త సరానికి తగిలించుకుంది.

"బంగారు సరానికి తుప్పు పట్టిన పిన్నీసా అమ్మా? చూసేవాళ్ళు నవ్వుతారు," అన్నాను.

"నవ్వితే నవ్వనీ. నీ కొంగు జారితే పిన్నీసు యాడుండాదని నా కాడికే వస్తావు గదా."

"అందుకైతే కొత్తది పెట్టుకో."

"దీని పని దీనికుండాది," అంది. నేను మరిచిపోయాను. ఆమె మరవలేదు.

పోయిన ఏడాది నాయనకు ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చింది. రాత్రి పొంగలి అరగలేదని ఓమనీళ్ళు తాగి పడుకున్నాడట. తెల్లారేసరికి మెలికలు తిరుగుతున్నాడు. అమ్మ ఫోను చేస్తే నేను బంగారుపేట నుంచి ఆటోలో పోయి ఆయన్ను కోలారు ఆస్పత్రికి తీసుకుపోయాను. అమ్మకు మోకాళ్ళు పనిచేయవు. రెండేళ్ళుగా మందిరానికి కూడా రావడం లేదు. అందుకని ఇంట్లోనే ఉండమన్నాను.

డాక్టరు స్కానింగు చూసి పేగు మెలిక పడిందన్నాడు. వెంటనే ఆపరేషన్ చేయాలి. నన్ను పక్కకు పిలిచి ఇంకో మాట చెప్పాడు. "ఊపిరితిత్తుల నిండా గని దుమ్మే. మత్తు ఇస్తే లేస్తాడని గట్టిగా చెప్పలేను. చేయకపోతే మాత్రం బతకడు. పన్నెండింటికి లోపలికి తీసుకుంటాం."

నర్సమ్మ నాయన దగ్గరికి వచ్చింది. "తాతా, ఒంటి మీద ఏమీ ఉండకూడదు. మొలతాడు, ఉంగరం, అన్నీ తీసేయాల."

"మొలతాడు కత్తిరించుకో తల్లీ. ఉంగరం నేను తీస్తా."

సబ్బు నురగ రాసుకుని, పళ్ళు బిగించి, తిప్పి తిప్పి తీశాడు. వేలి మీద ఎండ తగలని తెల్లటి వలయం మిగిలింది. అది నా చేతిలో పెట్టి, "మీ అమ్మకియ్యి," అన్నాడు.

"సరే నాయనా," అన్నాను. నా చెవికి అది జాగ్రత్తగా పెట్టమన్నట్టే వినిపించింది.

అక్కడి నుంచి వరండాలోకి వచ్చాను. మందుల కిటికీ పైన గోడకు స్వామి పటం ఉంది. డాక్టరు మాటలు చెవుల్లో తిరుగుతున్నాయి. నా సంచిలో ఎప్పుడూ పసుపు పొట్లం ఉంటుంది. చేతిగుడ్డ కొళాయి కింద తడిపి పసుపు రాశాను. రూపాయి బిళ్ళతో పాటు నాయన ఉంగరం అందులో పెట్టి మూడు ముడులు వేశాను. "తండ్రీ, ఆయన్ను లేపు. నడిచి వచ్చి ఇది నీ హుండీలో వేస్తాను," అని మొక్కుకున్నాను. నాయన ప్రాణంలా చూసుకున్న వస్తువు ఇస్తే నీవు వినకుండా ఉండవని నా నమ్మకం. ముడుపు కట్టిన తర్వాత మనసు కాస్త కుదురుకుంది. అందరికీ చెప్పే మాట నాకూ చెప్పుకున్నాను. కట్టిన ముడి విప్పకూడదు, కట్టాక అది మనది కాదు, స్వామిది.

పది దాటింది. నాయన నన్ను చేత్తో పిలిచాడు.

"ఇచ్చినావా?"

"ఎవరికి నాయనా?"

"మీ అమ్మకు. ఉంగరం."

"అమ్మ ఇంట్లో ఉంది కదా. నేను నీ పేరున ముడుపు కట్టాను. కొండకు."

ఆయన కోప్పడలేదు. పైన తిరుగుతున్న ఫ్యాను చూశాడు. "స్వామికా? మంచిదే," అన్నాడు. ఖాళీ వేలు తడుముకుని, "అయితే నేను పోనమ్మా," అన్నాడు.

"యాడికి పోవు?"

"లోపలికి."

నర్సమ్మ నవ్వింది. "తాతకు భయం పట్టుకున్నట్టుంది."

"భయం కాదు తల్లీ. కాళ్ళ కింద అంత లోతు ఉంటే రోజూ దిగినోణ్ణి. ఆ ఉంగరం ఆమె మెడలో లేకుండా ఒక్క దినమన్నా దిగలేదు. ఈ పొద్దు ఎట్ల దిగేది?"

ఎంత చెప్పినా వినలేదు. డాక్టరు వచ్చి చెప్పాడు. ఆలస్యమైతే పేగు కుళ్ళిపోతుందని, మధ్యాహ్నం దాటితే చేసేదేమీ లేదని. నాయన రెండు చేతులూ జోడించి, "తెలుసప్పా. ఆమె వస్తే పోతా," అన్నాడు. సంతకం చేయాల్సిన కాగితం ఆయన పొట్ట మీద అట్లాగే ఉండిపోయింది.

అమ్మకు ఫోను చేశాను. ఎట్లున్నాడు అని ఆమె అడగలేదు. ఆమె మొదటి మాట, "ఉంగరం తీసినాడా?"

"తీశాడమ్మా. నేను ముడుపు కట్టేశాను."

అవతల ఎదురింటామె కుక్కరు విజిలు వినిపించింది. "ఇచ్చేదానికి అది నీదా?" అంది అమ్మ.

"నాయనదే కదమ్మా, నాయన కోసమే..."

"మీ నాయనది కూడా కాదు. వేలికి ఉన్నంతసేపే ఆయప్పది. తీసినంక నాది. నన్ను అడక్కుండా స్వామికి ఎట్ల ఇస్తివి? స్వామి మాత్రం ఎట్ల తీసుకుంటాడు?"

అన్ని శనివారాలు అంతమందికి చెప్పినదాన్ని, ఫోనులోనే ఏడ్చేశాను.

"ఏడవొద్దు. నేను వస్తా ఉండాను," అంది.

"నీ మోకాళ్ళు..."

"శాఫ్టు కాడికి పోయినప్పుడు మోకాళ్ళను అడిగి పోయినానా?" అని ఫోను పెట్టేసింది.

ఆమె ఆటోలో రావాలంటే గంట పైనే పడుతుంది. నేను పటం కింద బెంచీ మీద కూర్చున్నాను. ముడుపు ఒళ్ళో ఉంది. విప్పితే మాట తప్పినట్టు. విప్పకపోతే నాయన లోపలికి పోడు. ఆ గంటలో నేను ఎరిగిన శాస్త్రమంతా నా మీదికే తిరిగింది. అప్పుడు నాకు నేనే వందసార్లు చెప్పిన కథ గుర్తుకొచ్చింది. దూరాన చెరలో ఉన్న తల్లికి స్వామి ఏమి పంపాడు? ఉంగరం. ఆ తల్లి దాన్ని చూసి, ఆయన బతికే ఉన్నాడు, వస్తాడు అని నమ్మి ప్రాణం నిలుపుకుంది. ఆ ఘట్టం చెప్పేటప్పుడు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. అదే ఉంగరం రోజుకొకసారి మా గడపలో చేతులు మారింది. నా చిన్నతనమంతా నా కళ్ళ ఎదుటే జరిగింది. నేను దాన్ని గడియారంలా వాడుకున్నాను కానీ చూడలేదు. స్వామి ఎక్కడో కొండ మీద ఉన్నాడని నేను ముడి వేస్తున్నాను. ఆయన తుప్పు పట్టిన పిన్నీసు దగ్గర కూర్చున్నాడు.

ముడుపు విప్పాను. కానీ మాట ఇచ్చాను కాబట్టి ఖాళీగా ఉంచడానికి లేదు. నాదంటూ ఏముందని చూసుకున్నాను. చెవులకు కమ్మలున్నాయి. పదో క్లాసు, ఎస్సెల్సీ పాసైనప్పుడు నాయన చేయించినవి. అప్పటి నుంచి స్నానానికి కూడా తీయలేదు. అవి లేకుండా అద్దంలో నా మొహం ఎట్లుంటుందో నాకే తెలియదు. మర బిగుసుకుపోయి ఊడి రాలేదు. నర్సమ్మ అటుగా వచ్చి చూసి ఆగింది.

"ఏమక్కా, ఆపరేషన్ తాతకా, నీకా?"

"కాస్త సాయం పట్టమ్మా."

ఆమె దూదికి నూనె రాసి మెల్లగా తిప్పి తీసింది. చెవులు తేలికైపోయాయి. కమ్మలు గుడ్డలో పెట్టి మళ్ళీ మూడు ముడులు వేశాను. "తండ్రీ, ఇందాకటిది నాది కాదు. ఇవి నావి," అన్నాను.

పదకొండున్నర దాటాక అమ్మ వచ్చింది. ఎదురింటామె భుజం పట్టుకుని ఉంది. గుమ్మంలో వీల్ చెయిర్ తెచ్చి పెట్టారు. "దాంట్లో కూర్చోని పోతే ఆయప్ప నన్ను చూసి బెదురుకుంటాడు," అని గోడ పట్టుకుని ఒక్కొక్క అడుగు వేస్తూ వచ్చింది. అప్పటికే నాయన్ను తోపుడు మంచం మీద పడుకోబెట్టి పచ్చబట్టలు తొడిగారు.

"వచ్చినావా," అన్నాడు నాయన.

"రాకుంటే పోతావా నువ్వు," అంది అమ్మ.

నేను ఉంగరం ఆమెకు ఇవ్వబోయాను. "నాకు కాదు. ఆయప్ప చేతికియ్యి. ఆయప్ప ఇయ్యాల," అంది. నాయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అమ్మ అరచేతిలో పెట్టాడు. ఆమె పిన్నీసు విప్పబోయింది. రాలేదు. ఏళ్ళ తరబడి పట్టిన తుప్పు. నేను ప్రయత్నించాను, ఎదురింటామె ప్రయత్నించింది. అమ్మ తల వంచి, మిగిలి ఉన్న రెండు పళ్ళతో పట్టి లాగింది. టప్పున తెరుచుకుంది. ఉంగరం ఎక్కించి మూసింది. అది సరానికి వేలాడి ఒకసారి ఊగి ఆగింది.

నాయన మొహం చూశాను. నొప్పి అట్లాగే ఉంది, కానీ నుదుటి మీద ముడత పోయింది. కాగితం అడిగి సంతకం చేశాడు.

"పోయిరా," అంది అమ్మ.

"వస్తా," అన్నాడు. మంచం తోసే ఆయన వైపు తిరిగి, "ఇంగ దించప్పా," అన్నాడు. గనిలో మనుషులను దించే పంజరం దగ్గర అనే మాట అది. తోసే ఆయనకు అర్థం కాలేదు కానీ నవ్వి తోసుకుపోయాడు.

తలుపు మూసుకుంది. నేను నామం మొదలుపెట్టాను. అమ్మ గొంతు కలపలేదు. తలుపు వైపే చూస్తూ కూర్చుంది. కాఫీ తెస్తే వద్దంది. ఎదురింటామె అల్లాడిపోతూ, "ఎట్ల ఇంత నిబ్బరంగా ఉండావమ్మా నువ్వు?" అని అడిగింది.

"నిబ్బరమేమీ లేదు. గుండె దడదడమంటా ఉండాది," అంది అమ్మ. "అయినా వస్తువు నా కాడుండాది గదా. అడిగి తీసుకునేదానికన్నా వస్తాడులే."

మూడు గంటల తర్వాత డాక్టరు బయటికి వచ్చాడు. పేగు సరిచేశామని, ఊపిరి మిషన్ మీద పెట్టామని, రెండు రోజులు చూడాలని చెప్పాడు. రెండు రోజులు మూడయ్యాయి. నాలుగో నాడు నాయన కళ్ళు తెరిచి అమ్మ మెడ చూశాడు. నేను తొందరపడ్డాను. "పెట్టేయమ్మా ఇప్పుడు," అన్నాను.

"చెయ్యి చూడు, సూదులు పెట్టి పెట్టి గుమ్మడికాయ చేసినారు," అంది అమ్మ. "షిఫ్టు ఇంగా అయిపోలేదు."

ఆమె ఆ ఉంగరాన్ని మెడలోనే ఉంచుకుని ఆస్పత్రి వరండాలో పద్నాలుగు రోజులు ఉంది. మోకాళ్ళ సంగతి ఎత్తలేదు. ఇంటికి తెచ్చిన రోజు నాయన గడప దాటలేదు. బయట జగలి అరుగు మీద కూర్చుని చెయ్యి చాపాడు. నీళ్ళ చెంబు పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. ఆయన నీళ్ళ వైపు చూడలేదు. అమ్మ పిన్నీసు విప్పి ఉంగరం వేలికి ఎక్కించింది. అది జారి నేల మీద పడి దొర్లింది. వేలు అంత సన్నబడింది.

"నీ వేలు యాడ పెట్టి వచ్చినావప్పా?" అంది అమ్మ.

"ఆస్పత్రిలో మరిచిపోయొచ్చినా. పోయి తెచ్చుకో," అన్నాడు.

అమ్మ పసుపుదారం తీసుకుని ఉంగరం లోపలి వైపు ఓపిగ్గా చుట్టింది. మళ్ళీ పెట్టింది. నిలిచింది. అప్పుడు ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. శాఫ్టు గేటు దగ్గర ఏడ్చినట్టే. నాయన అప్పుడు నీళ్ళు అడిగాడు.

నెల తర్వాత నేనూ మా ఇంటాయనా నడిచి కొండెక్కి ముడుపు చెల్లించాము. చెవుల రంధ్రాలు పూడిపోకుండా వేపపుల్లలు పెట్టుకున్నాను. ఇప్పటికీ అవే ఉన్నాయి. అద్దంలో నా మొహం అలవాటైంది.

కొండ నుంచి వచ్చి మళ్ళీ మందిరానికి పోయిన మొదటి శనివారం ఆడవాళ్ళు చెవులు చూసి అడిగారు. దాచడం ఎందుకని జరిగినదంతా చెప్పాను, నా తప్పుతో సహా. చెప్పడం అయ్యాక ముందు వరుసలో కూర్చునే ముసలమ్మ ఒకామె తాళి బయటికి తీసి చూపించింది. దానికొక పిన్నీసు ఉంది. పక్కామె తీసింది, ఆమెకూ ఉంది. నలుగురైదుగురికి ఉన్నాయి. అన్నీ ఖాళీవి, అన్నీ తుప్పు పట్టినవి.

"ఇంత చదివినావు, ఇది తెలీదా నీకు?" అంది మొదటామె. "గనికి పోయే మొగుణ్ణి చేసుకున్నోళ్ళందరం చేసిందే."

వెనక స్తంభానికి ఆనుకుని ఒకామె కూర్చుని ఉంది. ఆమె భర్త గనిలో రాయి పగిలిన ఒకనాడు పోయాడని లైన్లో అందరికీ తెలుసు. మెడలో తాళి లేదు. ఆమె రవిక లోపలి నుంచి ఒక నల్లదారం తీసింది. దానికి పిన్నీసు, పిన్నీసుకు ఒక ఉంగరం. ఎంత తోమిందో ఏమో, కొత్తదానిలా మెరుస్తోంది.

"మా ఆయప్ప ఇంగా అడగలేదు," అంది. మళ్ళీ లోపలికి వేసుకుంది.

నేను చెప్పాల్సిన కథ ఆ పొద్దు చెప్పలేకపోయాను. ఆమె వైపు తిరిగి చేతులు జోడించాను. రాతిలో బంగారం దాచినవాడు, ఆ నల్లదారంలో ఎంత దాచాడో కొలిచే తాహతు నాకు లేదు.

దీన్ని చదివే అమ్మలారా, అయ్యలారా, మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. మీ ఒంటి మీద రోజూ ఉండే వస్తువు ఏదైనా సరే, ఉంగరమో, గాజో, దారమో, దాని మీద చెయ్యి పెట్టి ఒక్క నిమిషం నాతో కలిసి ఇట్లా అనండి. తండ్రీ, ఈ పొద్దు పనికి దిగినవాళ్ళందరినీ పైకి ఎక్కించు. చెయ్యి చాపి అడిగేదానికి వాళ్ళను గడప దాకా పంపు. అడగడానికి రానివాళ్ళ వస్తువును దాచుకున్న తల్లుల మెడలో నీవే ఉండు. గోవిందా.